ఆట సరే, చేసినోడి పేరేదీ?

మా మైలవరం చుట్టుపక్కల ఎవరన్నా ‘గేమింగ్’ అన్న మాట పలికారంటే నూటికి తొంభై పాళ్ళు అది పోలీసు కేసు గురించే అయ్యుంటుంది. మామిడితోటలో పేకాట శిబిరం మీద దాడి, ఇంత నగదు, ఇన్ని సెల్‌ఫోన్లు, ఇన్ని బైకులు స్వాధీనం, గేమింగ్ యాక్ట్ కింద కేసు నమోదు. పేపర్లో జిల్లా పేజీ తిరగేసే అలవాటున్న వాళ్ళకి ఈ వార్త కంఠతా వచ్చేసుంటుంది. 1974 నాటి చట్టం అది. అందులో గేమింగ్ అంటే జూదం. అందుకే నేను ‘గేమింగ్ అవార్డుల చరిత్ర రాస్తున్నా’ అంటే మా బాబాయి కాసేపు అనుమానంగా చూశాడు :)

నేను చెప్పేది వీడియో గేముల గురించి. ఏటా డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో ‘ది గేమ్ అవార్డ్స్’ అని ఒక సభ జరుగుతుంది. ఆస్కార్ లాగా ఎర్ర తివాచీ, ఆర్కెస్ట్రా, కవర్ చించి పేరు చదవడం, అన్నీ ఉంటాయి. నిర్వాహకులు చెప్పిన లెక్క ప్రకారం 2014లో మొదటిసారి దాన్ని చూసింది 19 లక్షల స్ట్రీములు, 2024 కల్లా అది 15 కోట్లు దాటింది. మనలో చాలామంది ఆఫీసులో ఒక కిటికీలో బిల్డ్ పెట్టి ఇంకో కిటికీలో ఆ సభ చూసే బాపతే కాబట్టి, అసలు ఈ బహుమతుల గొడవ ఎక్కడ మొదలైందో ఒకసారి చూద్దామనిపించింది. చదివే కొద్దీ నాకు అర్థమైంది ఏంటంటే, ఇది బహుమతుల కథ కన్నా పేర్ల కథ. ఒక ఆటని ఎవరు చేశారో చెప్పాలా, అక్కర్లేదా అన్న పేచీ. ఆ పేచీ ఇంకా తేలలేదు. హైదరాబాదులో కూర్చుని పనిచేసే మనవాళ్ళకి అయితే అది ఇప్పుడే మొదలైంది.

1970ల చివర్లో అటారీ అంటే అమెరికాలో పెద్ద పేరు. టీవీకి తగిలించే పెట్టె, అందులో దూర్చే కార్ట్రిడ్జ్‌లు. ఒక్కో కార్ట్రిడ్జ్‌ని దాదాపు ఒక్క మనిషే తయారుచేసేవాడు. ఐడియా ఆయనదే, బొమ్మలూ ఆయనవే, చప్పుళ్ళూ ఆయనవే, కోడంతా ఆయనదే. నాలుగు కిలోబైట్లలో మొత్తం ఇరికించాలి. ఇప్పుడు మన ఈమెయిల్ కింద వచ్చే కంపెనీ లోగో అంతకంటే పెద్దదుంటుంది. అంత పని చేసినా డబ్బా మీద ఆ మనిషి పేరుండదు. పుస్తకంలో ఉండదు, తెర మీదా ఉండదు. పేరు తెలిస్తే ఇంకో కంపెనీ వాడు ఎగరేసుకుపోతాడని యాజమాన్యం భయం.

ఒకరోజు మార్కెటింగు వాళ్ళు ఏ ఆట ఎంత అమ్ముడైందో చెప్పే కాగితం ఒకటి ప్రోగ్రామర్లకి పంచారు. ఇలాంటివి ఇంకా చెయ్యండి అని వాళ్ళ ఉద్దేశం. ప్రోగ్రామర్లు ఊరుకుంటారా, కూడికలు వేశారు. డేవిడ్ క్రేన్, లారీ కాప్లన్, అలాన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ అనే నలుగురు చేసిన ఆటలే ఆ ఏడాది పది కోట్ల డాలర్ల అమ్మకాల్లో అరవై శాతం దాకా ఉన్నాయని తేలింది. క్రేన్ తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పిన లెక్క ఇది. నలుగురూ కలిసి కంపెనీ పెద్ద రే కసార్ దగ్గరికి వెళ్ళారు. ఫ్యాక్టరీలో కార్ట్రిడ్జ్ బిగించేవాడు ఎంతో మీరూ అంతే, పొమ్మన్నాడట ఆయన. (అప్రైజల్ మీటింగులో ఇదే మాటని కాస్త తియ్యగా విన్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉండుంటారు.) వాళ్ళు బయటికొచ్చి 1979లో పెట్టిన కంపెనీయే యాక్టివిజన్. ఆ కంపెనీ ఆటలతో వచ్చే పుస్తకంలో ఆట చేసినవాడి పేరు, ఫోటో, ‘ఇలా ఆడితే గెలుస్తారు’ అని ఆయన సొంత సలహా ఉండేవి. 1982లో క్రేన్ చేసిన ‘పిట్‌ఫాల్’ లక్షల్లో అమ్ముడైంది, చేసింది ఎవరో జనానికి తెలిసి మరీ.

వారెన్ రాబినెట్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఆయన అటారీలోనే ఉంటూ ‘అడ్వెంచర్’ అనే ఆట రాశాడు. పేరు వెయ్యరని తెలుసు. అందుకని ఎవరికీ చెప్పకుండా ఆట లోపల ఒక రహస్య గది కట్టాడు. తెర మీద కంటికి సరిగా ఆనని ఒక్క చుక్కని పట్టుకుని ఒక గోడ దగ్గరికి మోసుకెళితే తలుపు తెరుచుకుంటుంది. లోపల నిలువునా ‘దీన్ని సృష్టించినది వారెన్ రాబినెట్’ అన్న అక్షరాలు మెరుస్తుంటాయి. ఆ నాలుగు కిలోబైట్లలోంచే తన పేరుకి చోటు మిగుల్చుకున్నాడు మహానుభావుడు. ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాక, సాల్ట్ లేక్ సిటీ నుంచి ఒక కుర్రాడు ఇదేంటని ఉత్తరం రాస్తే గానీ కంపెనీకి తెలియలేదు. తీసేద్దామంటే చిప్పులు మళ్ళీ చేయించాలి, అది ఖర్చు. చివరికి స్టీవ్ రైట్ అనే మేనేజరు, పోనీండి, ఇలాంటివి దొరకడం పిల్లలకి సరదా, ఈస్టర్ గుడ్లు వెతుక్కున్నట్టు, అన్నాడు. ‘ఈస్టర్ ఎగ్’ అన్న మాటని మన సాఫ్ట్‌వేరు లోకం అక్కణ్ణించే తెచ్చుకుంది. మనం ఇవాళ సరదాగా వాడే ఆ మాట వెనక ఉన్నది క్రెడిట్ ఇవ్వని కంపెనీ మీద ఒక ఉద్యోగి కసి.

కాస్సేపు మా ఊరొద్దాం. మైలవరం అనగానే ఇప్పటి పిల్లలకి ఇంజనీరింగు కాలేజీ గుర్తొస్తుంది. మా తాతల తరానికి గుర్తొచ్చేది ‘మైలవరం కంపెనీ’. సాఫ్ట్‌వేరు కంపెనీ కాదు, నాటకాల కంపెనీ. మైలవరం జమీందారు సూరానేని వెంకట పాపయ్యారావు గారు 1910లలో పెట్టిన బాలభారతీ నాటక సమాజాన్ని జనం అలా పిలిచేవాళ్ళు. కళాకారులకి నెల జీతాలు, ఊళ్ళు తిరిగే ప్రదర్శనలు, బెజవాడలో ఆటలు. నెల జీతం, కంపెనీ, టూర్లు అంటే మన బతుకే, ఆన్‌సైటు ఒక్కటే తక్కువ. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి అందులో వేషాలు వేశారు. కపిలవాయి పద్యాలు గ్రామఫోను రికార్డులుగా వచ్చి ఆంధ్రదేశమంతా మోగాయి.

నేను చెప్పదలుచుకున్నది వాళ్ళ గురించి కూడా కాదు, పాపట్ల కాంతయ్య గారి గురించి. ఆయన హార్మోనిస్టు, ఆ కంపెనీ నాటకాలకి బాణీలు కట్టినవాడు. ముఖానికి రంగేసుకుని వెలుగులో నిలబడిన మనిషి కాదు, పక్కన పెట్టె ముందు కూర్చున్న మనిషి. మన భాషలో చెప్పాలంటే బ్యాకెండు. అయినా ఆయన పేరు వందేళ్ళ తర్వాత కూడా నాటక చరిత్ర రాసేవాళ్ళు మర్చిపోకుండా రాస్తున్నారు. జమీందారీ కాలంలో, ఒక రాజా గారి నెలజీతగాడికి దక్కింది ఇది. 1979లో కాలిఫోర్నియాలో, ప్రపంచంలో అన్నిటికన్నా కొత్త పరిశ్రమలో పనిచేసే ఇంజనీరుకి ఆ పాటి కూడా దక్కలేదు.

ఆ తర్వాత 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. దాని వెనకే ఊరూరా పరిషత్తులు, పోటీలు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ‘పరిషత్తు నాటకం’ అంటే విడమర్చి చెప్పక్కర్లేదు. ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ నటుడు, ఉత్తమ ప్రతినాయకుడు, ఉత్తమ ఆహార్యం, ఉత్తమ రంగాలంకరణ. షీల్డు సమాజానికి వెళ్తుంది గానీ, మైకులో ఒక్కొక్క పేరూ చదువుతారు. మేకప్ వేసినాయన కూడా తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ స్టేజీ మీదికి రావాల్సిందే. జడ్జీల కోసమే రాసిన నాటకాలు, చివరి పది నిమిషాల్లో అందర్నీ ఏడిపించాలన్న రూలు, ఈ జబ్బులూ పరిషత్తులకి బాగానే ఉన్నాయి, కాదనను. కానీ చేసినవాడి పేరు మైకులో చదవాలన్న మర్యాద మాత్రం మనకి ఆట బొమ్మలు రాకముందు నించే ఉంది.

ఆటల అవార్డులు పత్రికలతో మొదలయ్యాయి. అమెరికాలో 1980లో ‘వీడియో’ అనే పత్రికలో కాలం రాసే బిల్ కంకెల్, ఆర్నీ కాట్జ్ వాళ్ళు ‘ఆర్కేడ్ అవార్డ్స్’ అని ఇచ్చారు, ముద్దుగా ‘ఆర్కీ’లు. అది కాగితం మీద బహుమతి, సభ లాంటిదేం లేదు. ఇంగ్లండులో ‘కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్’ పత్రిక 1983 నించి పాఠకుల ఓట్లతో ‘గోల్డెన్ జాయ్‌స్టిక్’ ఇవ్వడం మొదలెట్టింది. మొదటి ఏడాది ఉత్తమ ఆట ‘జెట్‌ప్యాక్’. అల్టిమేట్ అనే చిన్న కుటుంబ సంస్థ చేసింది. గోల్డెన్ జాయ్‌స్టిక్ ఇప్పటికీ నడుస్తోంది. నలభయ్యేళ్ళు దాటిన అవార్డు, మామూలు విషయం కాదు.

1994లో టీవీ వాళ్ళు దిగారు. ‘సైబర్‌మేనియా 94’ అని టీబీఎస్ చానెల్లో ఒక కార్యక్రమం. హాస్యనటుడు లెస్లీ నీల్సన్ వ్యాఖ్యాత. ఆటల గురించి ఆయనకేం తెలుసో దేవుడికెరుక. చూసినవాళ్ళు నవ్విపోయారు, జనం మర్చిపోయారు. ఒక్క సంగతి మాత్రం మిగిలింది. ఆ కార్యక్రమానికి మాటలు రాయడంలో చెయ్యేసిన వాళ్ళలో కెనడా నించి వచ్చిన పదహారేళ్ళ కుర్రాడు ఒకడున్నాడు. పేరు జెఫ్ కీలీ. ఇవాళ ‘ది గేమ్ అవార్డ్స్’ నడిపేది ఆయనే.

1998 నించి అసలు పని మొదలైంది. అమెరికాలో ఆటలు చేసేవాళ్ళే సభ్యులుగా ఉన్న ఒక అకాడమీ ‘ఇంటరాక్టివ్ అచీవ్‌మెంట్ అవార్డ్స్’ ఇచ్చింది, తర్వాత అవే ‘డైస్’ అవార్డులయ్యాయి. అదే ఏడాది బ్రిటన్లో సినిమాలకి బాఫ్టా ఇచ్చే సంస్థ ఆటలకీ తలుపు తీసింది. రెండు చోట్లా మొదటి ఏడాది పెద్ద బహుమతి ‘గోల్డెన్ఐ 007’ కే. 2001లో గేమ్ డెవలపర్ల సమావేశం తన సొంత అవార్డులు మొదలెట్టింది, ‘ది సిమ్స్’ గెలిచింది. ఈ మూడింట్లోనూ సాంకేతిక ప్రతిభకి ఒక విభాగం ఉంది. ఇంజను రాసినవాళ్ళకి, నెట్‌వర్క్ కోడు రాసినవాళ్ళకి, తెర మీద వెంట్రుకలు గాలికి ఊగేలా చేసినవాళ్ళకి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

2003లో స్పైక్ టీవీ లాస్ వేగాస్‌లో ‘వీడియో గేమ్ అవార్డ్స్’ పెట్టింది. వ్యాఖ్యాత మళ్ళీ హాస్యనటుడే, డేవిడ్ స్పేడ్. మొదటి ఏడాది ఉత్తమ ఆట ‘మాడెన్ 2004’. దాదాపు పదేళ్ళపాటు అది నడిచిన తీరు చూస్తే మన టీవీ సినిమా అవార్డు ఫంక్షన్లే గుర్తొస్తాయి. డాన్సులు, సినిమావాళ్ళు, రాబోయే ఆటల ట్రైలర్లు, మధ్యలో ఎక్కడో బహుమతి. సగం బహుమతులు స్టేజీ మీదికే వచ్చేవి కావు, వ్యాఖ్యాత గబగబా చదివేసేవాడు. 2013లో పేరు మార్చి, చప్పగా చేసి, తిట్లు తిన్నారు. జెఫ్ కీలీ అందులోంచి బయటికొచ్చి, సొంత డబ్బులు కూడా పెట్టి, 2014 డిసెంబరు 5న లాస్ వేగాస్‌లో ‘ది గేమ్ అవార్డ్స్’ మొదలెట్టాడు. ఏ చానెల్‌కీ అమ్మకుండా నెట్‌లో అందరికీ ఊరికే చూపించాడు. మొదటి విజేత ‘డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్’. గెలుపు నిర్ణయించేది తొంభై శాతం పత్రికల వాళ్ళ ఓటు, పది శాతం జనం ఓటు.

మరుసటేడు, 2015లో, జరిగిన సంఘటన నాకు ఈ చరిత్రంతటిలోకీ ముఖ్యమైనది. ‘మెటల్ గేర్ సాలిడ్ 5’ ఒక బహుమతి గెలిచింది. దాన్ని చేసిన హిదెయో కొజిమా రాలేదు. గొంతు ఇచ్చిన నటుడు కీఫర్ సదర్లాండ్ వచ్చి తీసుకున్నాడు. ఆయన వెళ్ళాక కీలీ మైకు ముందు నిలబడి, కొజిమాకి రావాలని ఉంది, ఆయన పనిచేసే కొనామి కంపెనీ లాయరు రావడానికి వీల్లేదన్నాడు అని చెప్పాడు. హాలంతా కొనామిని గేలిచేసింది. అంతకుముందే ఆ ఆట అట్ట మీంచి కొజిమా పేరు తీసేశారు. ఇరవై ఎనిమిదేళ్ళకి పైగా ఆ సిరీస్‌ని మోసిన మనిషి, తన ఆటకి బహుమతి ఇస్తుంటే ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. రాబినెట్ గది కట్టిన ముప్ఫై ఆరేళ్ళకి కూడా పరిస్థితి అదే! మరుసటేడు కొజిమా సొంత స్టూడియో పెట్టుకుని అదే స్టేజీ ఎక్కి ‘ఇండస్ట్రీ ఐకాన్’ బహుమతి తీసుకున్నాడనుకోండి.

కొజిమా పెద్దాయన కాబట్టి గొడవైంది. చిన్నవాళ్ళ సంగతో? 2011లో ‘ఎల్.ఏ. నోయిర్’ వచ్చినప్పుడు, సిడ్నీలో దాన్ని చేసిన స్టూడియోలో పనిచేసి మధ్యలో వెళ్ళిపోయిన వందమందికి పైగా పేర్లు చివరి జాబితాలో లేవు. వాళ్ళే సొంతంగా ఒక సైటు పెట్టుకుని తమ పేర్లు రాసుకున్నారు. 2018లో ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ కీ ఇదే పేచీ. ఆట విడుదలయ్యేనాటికి ఉద్యోగంలో ఉన్నవాళ్ళ పేర్లే తెర మీద, వెళ్ళిపోయినవాళ్ళకి వెబ్‌సైట్లో వేరే పేజీ. నాలుగేళ్ళు పనిచేసి ఆఖరి నెలలో మానేస్తే తెర మీద పేరు గల్లంతు. నోటీసు పీరియడ్‌లో ఉన్నవాడికి ఇంత శిక్ష మన సర్వీసు కంపెనీలు కూడా వెయ్యవు!

2023లో ‘ది గేమ్ అవార్డ్స్’ మీద ఇంకో విమర్శ వచ్చింది. గెలిచినవాళ్ళకి మాట్లాడటానికి ఇచ్చింది సుమారు అర నిమిషం. ఎదురుగా ‘ఇక ముగించండి’ అని బోర్డు వెలిగేది. ఆ ఏడాదే పరిశ్రమలో వేలమంది ఉద్యోగాలు పోయాయి, స్టేజీ మీద ఆ ముక్క ఎత్తడానికి కూడా టైము లేదు. ట్రైలర్లకి మాత్రం బోలెడంత టైము. తిట్లు తిన్నాక 2024లో కాస్త సర్దుకున్నారు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతికొద్దాం. ‘ది గేమ్ అవార్డ్స్’ జాబితాలో కథకి బహుమతి ఉంది, కళాదర్శకత్వానికి ఉంది, సంగీతానికి, శబ్దానికి ఉంది. నటనకి ఉంది, అది నటుడి పేరు మీదే ఇస్తారు. పోటీలాడే ఆటగాడికి ఉంది, ఆడుతూ వీడియోలు పెట్టేవాడికి కూడా ఉంది. ప్రోగ్రామింగుకి లేదు! కోట్లమంది చూసే సభలో కోడు రాసినవాడికంటూ ఒక్క బహుమతి లేదు. డైస్‌లో ఉంది, బాఫ్టాలో ఉంది, డెవలపర్ల సమావేశంలో ఉంది. అంటే పనివాళ్ళు పనివాళ్ళకి ఇచ్చుకునే చోట ఉంది, జనం చూసే చోట లేదు. కోడు తెర మీద కనబడదు కదా, ఏం చూపిస్తాం అంటారేమో. ఎడిటింగు మాత్రం కనబడుతుందా, సినిమాల్లో దానికివ్వట్లేదా?

ఇహ మన దగ్గరికి. 1990ల్లో విజయవాడలో అమ్మిన టీవీ వీడియో గేములు గుర్తున్నాయా? పసుపుపచ్చ క్యాసెట్టు, దాని మీద ‘9999 ఇన్ 1’ అని రాసుంటుంది, తీరా చూస్తే ఉన్నవి ఐదారు ఆటలే. అవన్నీ దొంగ కాపీలు. చాలావాటిలో మొదటి తెర మీద ఉండే అసలు కంపెనీ పేరు కూడా చెరిపేసేవాళ్ళు. మన తరం మారియో ఆడింది గానీ షిగెరు మియమోతో పేరు విన్నది ఇంజనీరింగ్‌కొచ్చాక, నెట్ సెంటర్లో. చేసినవాడి పేరు లేని ఆటలే మనకి అలవాటైన ఆటలు.

తర్వాత మనమే చెయ్యడం మొదలెట్టాం. బెంగుళూరులో రాజేష్ రావు 1997లో ధ్రువ ఇంటరాక్టివ్ పెట్టారు, 2019లో దాన్ని రాక్‌స్టార్ కొనేసింది. హైదరాబాదులో శశి రెడ్డి గారి ఎఫ్ఎక్స్ ల్యాబ్స్ 2008లో ‘గజిని’ సినిమాకి పీసీ గేమ్ చేసింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ హైదరాబాదులో స్టూడియో పెట్టింది. 2016లో తెలంగాణ ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్‌లకి ‘ఇమేజ్’ అని ఒక పాలసీ తెచ్చింది, 2017లో రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కి శంకుస్థాపన చేశారు. నాస్కామ్ నీడలో మొదలైన గేమ్ డెవలపర్ల సమావేశం ఇప్పుడు ‘ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్’. 2022, 2023, 2024 మూడేళ్ళూ హైదరాబాదు హెచ్.ఐ.సి.సి.లోనే జరిగింది, 2025లో చెన్నైకి వెళ్ళింది. దానితో పాటే అవార్డులూ ఇస్తారు. తెలుగు గడ్డ మీద ఆటలకి బహుమతులిచ్చే సభ అంటూ ఉంటే అదే. పుణెలో చేసిన ‘రాజీ’ 2020లో ‘ది గేమ్ అవార్డ్స్’ తొలి ప్రయత్నాల విభాగంలో నామినేషన్ దాకా వెళ్ళింది. గెలవలేదు, కానీ ఆ జాబితాలో మన దేశపు ఆట ఒకటి కనబడటం అదే మొదలు.

చిత్రం ఏంటంటే, పేరు కోసం అటారీ నించి బయటికొచ్చిన ఆ నలుగురి యాక్టివిజన్‌ని 2023 అక్టోబరులో 6,870 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది మైక్రోసాఫ్ట్, ఆ బేరం నడిపింది మన హైదరాబాదు సత్య నాదెళ్ళ. పేపర్లు పొంగిపోయి రాశాయి. బాగానే ఉంది. అదే హైదరాబాదులో ఆటలకి పనిచేసే కుర్రాళ్ళలో ఎంతమంది పేర్లు తెర మీద కనబడుతున్నాయో ఎవరూ రాయలేదు. ఇక్కడ జరిగే పనిలో చాలాభాగం ఎవరిదో ఆటకి బొమ్మలు చెయ్యడం, టెస్టింగు, ఫోన్ మీదికి మార్చడం, పాత ఆటని బతికించి ఉంచడం. పని చేయించుకున్నవాడు ఒప్పుకుంటే పేరు, లేకపోతే స్టూడియో పేరొక్కటే, అదీ కాదంటే ఏదీ లేదు. ఫలానా ఆటకి చేశామని బయట చెప్పకూడదని సంతకం కూడా తీసుకుంటారు. మా బాచ్‌మేట్ ఒకడు ఇలాగే రెండేళ్ళు ఒక పెద్ద ఆటకి టెస్టింగు చేశాడు. కాంట్రాక్టు మనిషి, జీతం వేరే కంపెనీ నించి. ఆట వచ్చిన రోజు భార్యాపిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆఖరి దాకా జాబితా చూశాడు. స్టూడియోలో వంట చేసినవాళ్ళ పేర్లు, ఆ రెండేళ్ళలో పుట్టిన పిల్లల పేర్లు కూడా వచ్చాయి గానీ వాడిది రాలేదు. తర్వాత వాడు బ్యాంకింగు ప్రాజెక్టుకి వెళ్ళిపోయాడు. అక్కడ ఎటూ పేర్లు వెయ్యరు కాబట్టి బెంగలేదంటాడు.

ఢిల్లీ వాళ్ళు ఇచ్చిన బహుమతీ చూడండి. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ‘నేషనల్ క్రియేటర్స్ అవార్డ్స్’ ఇచ్చింది. గేమింగ్ అని ఒక విభాగం పెట్టారు, ప్రధాని చేతుల మీదుగా ఇచ్చారు. ఎవరికిచ్చారు? యూట్యూబులో ఆడి చూపించే కుర్రాడికి. అతని కష్టం అతనిది, నాకేం కుళ్ళు లేదు. కానీ ఆట చేసినవాణ్ణి వదిలేసి ఆడేవాడికి బహుమతివ్వడం, నాటకం వేసినవాళ్ళని వదిలేసి ముందు వరసలో ఈల వేసినవాడికి షీల్డు ఇచ్చినట్టుంది.

అలాగని సర్కారు బహుమతులన్నీ దండగని నేను అనను. నంది అవార్డుల్నే చూడండి. 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’తో మొదలై, 2017లో మూడేళ్ళవి ఒకేసారి ప్రకటించి, వివాదమై, ఆ తర్వాత సినిమా నందులు ఆగిపోయాయి. తెలంగాణలో 2025 జూన్‌లో గద్దర్ పేరుతో మళ్ళీ సినిమా అవార్డులు వచ్చాయి. నందుల్లో కులాలూ రాజకీయాలూ ఎన్ని చూశామో చెప్పక్కర్లేదు. అయినా ఆ జాబితా ఒకసారి కిందిదాకా చదవండి. ఉత్తమ ఆడియోగ్రాఫర్, ఉత్తమ మేకప్, ఉత్తమ దుస్తులు, ఉత్తమ డబ్బింగు, ఉత్తమ ఫైట్ మాస్టర్. తెర వెనక మనిషిని పేరుపెట్టి పిలవడం ఆ జాబితా వేసినవాళ్ళకి తెలుసు. మైలవరం కంపెనీ నించి పరిషత్తు దాకా, పరిషత్తు నించి నంది దాకా ఆ అలవాటు తెగలేదు. సరిగ్గా కోడు దగ్గరికొచ్చేసరికి తెగింది. గద్దర్ అవార్డుల్లో ఆటల విభాగం ఇంకా లేదు, పెడితే సంతోషమే. నాకు అంతకన్నా ముందు కావాల్సింది వేరే.

పేరు అక్కర్లేదనుకునేవాళ్ళు కూడా ఉంటారు. 2024లో మూడు బహుమతులు గెలిచిన ‘బలాట్రో’ని చేసింది ఒక్కడే, ‘లోకల్‌థంక్’ అని మారుపేరు పెట్టుకున్నాడు, అసలు పేరు బయటపెట్టలేదు. బహుమతి తీసుకోవడానికి కూడా రాలేదు. అది ఆయన ఇష్టం. ఇష్టమై దాచుకోవడం వేరు, లీగల్ డిపార్టుమెంటు చెరిపేయడం వేరు. 2025లో ‘క్లెయిర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’ తొమ్మిది బహుమతులు కొట్టేసినప్పుడు, ఫ్రాన్సులో ముప్ఫై మంది చేశారహో అని లోకమంతా మెచ్చుకుంది. ఆ జాబితా విప్పి చూస్తే బయట దేశాల్లో యానిమేషన్, టెస్టింగు, అనువాదం చేసినవాళ్ళ పేర్లు ఇంకా చాలా ఉన్నాయి. ముప్ఫై అన్న అంకె నిలబడాలంటే మిగతావాళ్ళని లెక్కలోంచి తియ్యాలి. కనీసం ఆ స్టూడియో పేర్లు వేసింది కాబట్టి ఈ వాదన పెట్టుకోగలుగుతున్నాం.

పరిషత్తుకి నాటకం ఎంట్రీ పంపేటప్పుడు నటీనటుల పేర్లతో పాటు రంగాలంకరణ, ఆహార్యం, సంగీతం, లైటింగు ఎవరెవరిదో ఫారంలో రాసి పంపుతారు. హైదరాబాదు, చెన్నై, ఎక్కడైనా సరే, మన దేశంలో ఆటలకి బహుమతులిచ్చే సభ వాళ్ళు కూడా తమ ఎంట్రీ ఫారంలో అలాంటి ఒక పేజీ పెట్టాలి. ఆట కోసం మూడు నెలలకి మించి పనిచేసిన ప్రతి మనిషి పేరు, కాంట్రాక్టువాళ్ళతో సహా, మధ్యలో మానేసినవాళ్ళతో సహా, వద్దన్నవాళ్ళవి తప్ప. ఆ పేజీ ఖాళీగా ఉంటే ఎంట్రీ తిప్పి పంపెయ్యాలి. దానికి ప్రభుత్వ పాలసీ అక్కర్లేదు, టవరూ అక్కర్లేదు, జడ్జీలు మాటమీద నిలబడితే చాలు. వచ్చే ఏడాది ఆ సమావేశానికి వెళ్ళేవాళ్ళు మీలో ఎవరన్నా ఉంటే, ప్రశ్నలడిగే టైములో మైకు తీసుకుని ఈ ఒక్క ముక్క అడిగి రండి.